మొరితా గారింటి మాట

"నవ్వారు అబ్బా. ముగ్గురూ నవ్వారు. నేను కర్టెన్ వెనకాల నిలబడి విన్నాను."

"నవ్వితే నవ్వారు. దానికి నువ్వు అన్నం మానేస్తే వాళ్ళ నవ్వు వెనక్కి పోతుందా?"

"అన్నం కాదు, క్లాసు మానేస్తానంటున్నాను. ఇక్కడికొచ్చిన కొత్తలో నా తెలుగుకి నవ్వారు. ఇప్పుడు అక్కడివాళ్ళు నా జపనీసుకి నవ్వారు. ఇక నేను ఏ భాషలో నోరు తెరవాలో మీరే చెప్పండి."

"మరి ఆ రేపల్లె కుర్రాడికి ఏం చెప్తావ్? ఎనిమిది నెలలు నీకు తప్పు నేర్పాను, పోయి రా అంటావా?"

"అదే అంటాను."

ఆదాము మెట్ల మధ్యలో ఆగిపోయాడు. ఆ రేపల్లె కుర్రాడు తనే. చెప్పులు కింది మెట్టు దగ్గర విప్పేశాడు, ఒక కాలు పై మెట్టు మీద పెట్టాడు, ఇక పైకెళ్ళాలో కిందికి దిగాలో తేలలేదు. అతన్ని అక్కడ కట్టేసింది ఆ మాటల్లోని బాధ ఒక్కటే కాదు. తండ్రీకూతుళ్ళు పోట్లాడుకుంటున్నది జపనీసులో. అతనికి మొత్తం అర్థమైంది.

తెనాలి ఐతానగర్లో వీరరాఘవయ్య గారి మేడ మీద వాటాలో ఉండే మీరా మొహిద్దీన్ కుటుంబానికి ఒక పద్ధతి ఉంది. కబుర్లు ఉర్దూలో, ఊరితో వ్యవహారం తెలుగులో, పోట్లాట మాత్రం జపనీసులో. తెలుగులో గొంతు లేస్తే వీధంతా వింటుంది. ఉర్దూలో లేస్తే వెనకింటి వాళ్ళు వింటారు, పైగా వాళ్ళు చుట్టాలు. జపనీసులో ఎంత అరుచుకున్నా ఇంటి పరువు గడప దాటదు. కింద అరుగు మీద పేపరు చదువుకునే వీరరాఘవయ్య గారికి మాటలు తెలియకపోయినా వాతావరణం తెలుసు. ఇందాక ఆదాము గేటు తీస్తుంటే పేపరు దించకుండానే, "ఇప్పుడు పైకెళ్ళబాకయ్యా, జపాన్ నడుస్తోంది," అన్నాడు. ఆదాము వినలేదు. పొద్దున రేపల్లె రైలు వేమూరులో ఆగి ఉండగా అతనికి ఒక ఫోను వచ్చింది. ఆ కబురు ఫిర్దోస్‌కి చెప్పేదాకా అతనికి నిలవదు.

మొదట్లో ఇదే మెట్ల మీద ఇదే పోట్లాట విని, అతనూ చుండూరు నుంచి క్లాసుకొచ్చే షారోనూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. అప్పుడది రేకుల మీద వాన పడ్డట్టు వినపడేది. ఇవాళ ఒక్కో మాటా విడివిడిగా వచ్చి చెవిలో కూర్చుంది. భాష వచ్చినందుకు సంతోషించాల్సింది పోయి, ఎవరింట్లోనో పెట్టె మూత తీసి చూసినట్టు మనిషి సిగ్గుపడ్డాడు.

ఫిర్దోస్ పుట్టింది తెనాలిలోనే. నాలుగో ఏట తండ్రి వెనకాల జపాన్ వెళ్ళింది. మీరా మొహిద్దీన్ గుంటూరు హోటళ్ళలో బిర్యానీ వండిన మనిషి. అక్కడ సముద్రపొడ్డు ఊళ్ళో మనవాళ్ళ హోటల్‌లో నాన్ రొట్టెలు కాల్చే పని దొరికింది. అప్పటిదాకా నాన్ ముఖం చూసి ఎరగడు. నెల్లాళ్ళు విజయవాడలో పొయ్యి దగ్గర చేతులు కాల్చుకుని నేర్చుకుని విమానం ఎక్కాడు. భార్య అబీదా కూడా అదే హోటల్‌లో గిన్నెల దగ్గర చేరింది. సాయంత్రమైతే ఇద్దరూ పనిలోకి పోవాలి. పిల్ల ఎక్కడుండాలి? పక్కింట్లో మొరితా గారని డెబ్బై ఏళ్ళ ముసలామె ఉండేది. చేపలు ఎండబెట్టి అమ్మిన చెయ్యి. ఒకరోజు గుమ్మంలో ఒంటరిగా కూర్చున్న పిల్లని చూసి, ఏమీ అడక్కుండా లోపలికి తీసుకెళ్ళి, చిక్కుళ్ళ గిన్నె ముందు పెట్టి ఒలవమంది. ఆ ఒలవడం తొమ్మిదేళ్ళు సాగింది.

మొరితా గారి భర్త మంచంలో ఉండేవాడు. ముసలామె ఆయన్ని గంటకోసారి పక్కకి తిప్పేది, ఒళ్ళు తుడిచేది, గంజి పట్టేది. దుప్పటి రెండో కొస పట్టుకునేది ఫిర్దోస్. బళ్ళో పుస్తకాల జపనీసు వేరే ఉండేది. నోట్లో పడ్డ జపనీసు మాత్రం ఆ మంచం పక్కన పడింది.

కరోనా ఏడాది హోటల్ మూతపడింది. పదమూడేళ్ళ పిల్ల తెనాలి వచ్చి ఎనిమిదో తరగతిలో కూర్చుంది. తెలుగు మాట్లాడగలదు, రాయలేదు. సార్ క్లాసులోకి రాగానే లేచి నడుం వంచి దణ్ణం పెట్టింది. క్లాసు పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా ఆమె పేరు జపాన్. అలాంటి పిల్ల మూడేళ్ళు తిరిగేసరికి తెలుగులో తొంభై మార్కులు తెచ్చుకుంది. జపనీసు కూడా వదల్లేదు. చెన్నై వెళ్ళి పరీక్ష రాసి సర్టిఫికెట్టు తెచ్చుకుంది. ఆ పరీక్షలో చదివిస్తారు, వినిపిస్తారు. మాట్లాడించరు. మాట్లాడించి ఉంటే ఇవాళ ఈ పోట్లాట ఉండేది కాదు.

ఇప్పుడు ఆమె బాపట్లలో డిగ్రీ రెండో సంవత్సరం. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వస్తుంది. ఆదాము ఆమెకి తగిలింది ఆ రైల్లోనే.

ఆదాముది రేపల్లె. వాళ్ళమ్మ సారా అంగన్‌వాడీ టీచరు. అతను ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో మానేశాడు. ఎందుకు మానేశావయ్యా అని చర్చిలో పెద్దలు అడిగితే, "అర్థం కాలేదండి. అర్థమైనట్టు నటించడం చేతకాలేదు," అన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఇంటిపట్టున ఉన్నాడు. ఊరి దృష్టిలో తిని కూర్చున్నాడు. నిజానికి కూర్చున్నది తక్కువ. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ నానమ్మకి అన్నీ అతనే చేశాడు. ఆమె పోయాక, ముసలివాళ్ళని చూసుకునే పనికి జపాన్‌లో మనుషులు కావాలంటున్నారని ఎవరో చెబితే, బాపట్లలో ఒక కన్సల్టెన్సీలో చేరాడు. వాళ్ళు భాష నేర్పలేదు. రెండు పేజీల కాగితం ఇచ్చి బట్టీ పట్టమన్నారు. జపాన్ సంస్కృతి అంటే నాకు ప్రాణం, చెర్రీ పూలంటే నాకు చాలా ఇష్టం. ఆ సాయంత్రం అతను కిటికీ పక్కన కూర్చుని అదే గొణుక్కుంటున్నాడు.

ఎదుటి సీట్లో నల్ల చున్నీ కప్పుకున్న అమ్మాయి అప్పికట్ల దాకా ఓపిక పట్టింది. ఆ తర్వాత తెలుగులో అడిగింది. "చెర్రీ పూలు మీరు చూశారాండి?"

"లేదండి."

"మరెందుకండి అంత ఇష్టం?"

ఆదాముకి కోపం రావాలి. నవ్వొచ్చింది. కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె చదివి, నాలుగు మడతలు పెట్టి తిరిగిచ్చి, ఇది చెబితే వాళ్ళు వింటారు గానీ మిమ్మల్ని చూడరు అంది. తెనాలిలో దిగేటప్పుడు ఇంటి గుర్తులు చెప్పింది. అలా మొదలైంది క్లాసు. అప్పటికే నర్సింగ్ చదివిన షారోన్ వస్తోంది, ఆదాముతో ఇద్దరయ్యారు.

ఆమె నేర్పే తీరు వేరు. పుస్తకం చివర్లో. ముందు పని, పని చేస్తూ మాట. మనిషిని పక్కకి తిప్పాలంటే ఎవరో ఒకరు పడుకోవాలి కదా. షారోన్ని ఆదాము ముట్టుకోడు, ఆదాముని షారోన్ ఎత్తలేదు. చివరికి ఆ పాత్ర మీరా మొహిద్దీన్‌కి వచ్చింది. పెళ్ళి వంటలు లేని రోజుల్లో ఆయన చాప మీద మంచం పట్టిన ముసలాడిలా పడుకునేవాడు. ఆయనది వంటింటి జపనీసు. ఉల్లిపాయలు తెమ్మని అరిచే జపనీసు. ఆదాము ఆయన్ని మెల్లగా పక్కకి తిప్పుతూ, నొప్పిగా ఉందా, కొంచెం ఓర్చుకోండి అని మెత్తగా అడిగేవాడు. ముసలాడు, తొందరగా కానివ్వు, టేబుల్ మీద ఆర్డర్ చల్లారిపోతోంది అని గద్దించేవాడు. షారోన్ పొట్ట పట్టుకుని నవ్వేది. లోపలినుంచి అబీదా, ఈ మనిషికి పడుకోమంటే చాలు, జీతమిచ్చినా ఇవ్వకపోయినా వస్తాడు అనేది.

ఒక్క విషయంలో మాత్రం ఫిర్దోస్ కటువుగా ఉండేది. మాట వంకర పోకూడదు. మొరితా గారు ఎలా అనేదో అలాగే రావాలి, ఆ దీర్ఘం, ఆ విరుపు, చివర్లో ఆ మెత్తదనం. అది తప్పించి వేరే జపనీసు ఉంటుందని ఆమెకి తట్టలేదు. అమ్మ చేతి పప్పు తిని పెరిగినవాళ్ళకి పప్పంటే అదే కదా.

నిన్న ఇంటర్వ్యూ. రేపల్లెలో నెట్ నమ్మలేమని ఆదాము ఇక్కడికే వచ్చి, ముందు గదిలో ఆమె లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఫిర్దోస్ కర్టెన్ వెనక్కి పోయింది. తెర మీద ఇద్దరు మగవాళ్ళు, ఒక నడివయసు ఆవిడ. ఏదో వృద్ధాశ్రమం వాళ్ళు. ఈ పనికి ఎందుకొస్తున్నారు అని అడిగారు. అతను నానమ్మ గురించి చెప్పాడు. మా నానమ్మ రెండేళ్ళు మంచంలో ఉంది, గంటకోసారి తిప్పకపోతే వీపు పుండు పడుతుంది, రాత్రి మూడింటికి తిప్పితే ఆమె నిద్రలోనే నా చెయ్యి పట్టుకునేది అన్నాడు. అక్కడ ఆ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ముగ్గురూ నవ్వారు. మా నానమ్మ పుండు వీళ్ళకి నవ్వుగా ఉందా అనుకున్నాడు ఆదాము. పళ్ళు బిగబట్టి మిగతాది పూర్తి చేశాడు. అవతల మైకు ఆగే ముందు ఒకాయన పక్కవాడితో ఏదో అన్నాడు. కంగారులో ఆదాము పట్టుకోలేదు. కర్టెన్ వెనక ఉన్న పిల్ల పట్టుకుంది. ఎవరో ముసలమ్మ ఒళ్ళో పెరిగిన ఆడపిల్ల మాట్లాడినట్టుంది, అది కూడా ఎక్కడో మారుమూల చేపల రేవులో, అని.

బయటికొచ్చి ఆమె బాగా చేశారు అంది. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టుంది. రేపు రండి అని పంపేసింది. రాత్రంతా తన మాటలు తానే ఫోన్లో రికార్డు చేసుకుని, టీవీలో పెద్దవాళ్ళు మాట్లాడే జపనీసు పక్కన పెట్టి విన్నదట. అది తర్వాత అబీదా చెప్పింది. పదమూడేళ్ళకి ఎక్కడ ఆగిందో ఫిర్దోస్ మాట అక్కడే ఆగి ఉంది. దాన్నే గడ్డాలు పెరిగిన మగాడి నోట్లో పెట్టి, ఉద్యోగం అడగడానికి పంపింది.

పైన మళ్ళీ గొంతులు లేచాయి. నీకొచ్చిన విద్య అదొక్కటే, అదీ వదిలేస్తావా అని తండ్రి. అది విద్య కాదు, పిల్లల ముచ్చట అని కూతురు. అబీదా ఉర్దూలో, చాలించండి ఇద్దరూ అంటోంది. ఇక మెట్ల మీద నిలబడి వినడం ఆదాము వల్ల కాలేదు. గబగబా ఎక్కి, గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా అని జపనీసులో అడిగాడు. మొరితా గారి పద్ధతిలోనే అడిగాడు, అతనికి వచ్చిన పద్ధతి అదొక్కటే.

ముగ్గురూ బిగుసుకుపోయారు. ముందు తేరుకున్నది మీరా మొహిద్దీన్.

"ఎంతసేపయిందయ్యా వచ్చి?"

"నవ్వారు అన్న దగ్గర్నుంచి బాబాయ్."

"అర్థమైందా?"

"అంతా అర్థమైంది."

ఆయన భార్య వైపు తిరిగాడు. "అయిపోయింది. ఇక ఈ ఇంట్లో తిట్టుకోడానికి భాష మిగల్లేదు."

ఫిర్దోస్ నవ్వలేదు. లేచి గోడకి ఉన్న అలమరా దగ్గరకెళ్ళి ఆదాము నోటు పుస్తకం తీసి అతని ముందు పెట్టింది. తప్పు నాది, ఇంకెవరి దగ్గరైనా చేరండి అనబోతోందని ఆమె వాలకం చెబుతోంది. ఆదాము ఆ అవకాశం ఇవ్వలేదు. రైల్లో వచ్చిన ఫోను సంగతి చెప్పేశాడు. ఉద్యోగం వచ్చింది. నవ్విన ఆవిడ ఆ ఆశ్రమంలో నర్సులకి పెద్ద. ఆమె అమ్మమ్మదీ మొరితా గారి వైపు సముద్రపొడ్డే. ఆ యాస తన చిన్నప్పుడు విన్నదే, ఇప్పుడు వాళ్ళింట్లో ఎవరికీ లేదు. మీసాలున్న ఇండియా కుర్రాడి నోట్లోంచి అమ్మమ్మ వచ్చేసరికి నవ్వాగలేదట. నవ్వినందుకు క్షమించమని, ఆ కుర్రాడికి ఎవరు నేర్పారో కనుక్కోమని కన్సల్టెన్సీ అమ్మాయితో చెప్పింది.

అబీదా దుపట్టా కొసతో కళ్ళు ఒత్తుకుంది. మీరా మొహిద్దీన్, చూశావా అన్నట్టు కూతురి వైపు చూశాడు. ఆదాము అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగడం అతనికి రాదు.

"ఇంకో మాట కూడా చెప్పారు. మిగతా ఇద్దరూ పట్టుబట్టారంట. వచ్చేలోపు పెద్దవాళ్ళతో మాట్లాడే తీరు నేర్చుకోవాలి, ఇలా మాట్లాడితే పనిలో కుదరదు అన్నారు. మూడు నెలలు టైమిచ్చారు."

"అంటే నేను చెప్పింది పనికిరాదనే కదా," అంది ఫిర్దోస్.

ఓదార్చే మాటలు ఆదాముకి ఏ భాషలోనూ రావు. నోటు పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టాడు. తిప్పడం, తుడవడం, ఓర్చుకోమనడం. మంచం పక్కన మాటలన్నీ ఆ పేజీలో ఉన్నాయి.

"కన్సల్టెన్సీ వాళ్ళ కాగితంలో చెర్రీ పూలున్నాయి. మా నానమ్మ గురించి చెప్పడానికి ఒక్క మాట లేదండి. ఇక్కడున్నాయి. నిన్న నేను అబద్ధం చెప్పకుండా మాట్లాడాను. నా జీవితంలో పరీక్షలో అబద్ధం చెప్పకుండా పాసైంది అదొక్కటే."

ఫిర్దోస్ ఆ పేజీ చదివింది. తర్వాత లోపలికెళ్ళి ఒక కార్డు తెచ్చింది. తెల్ల కార్డు, చుట్టూ బూడిదరంగు అంచు. రెండేళ్ళ కింద వచ్చింది. అందులో ఏముందో ఆదాముకి చదవడం రాలేదు. అతనికి ఇంకా అన్ని అక్షరాలు రావు. ఆమే చెప్పింది. మొరితా గారు పోయారు. వాళ్ళబ్బాయి రాశాడు. చివరి రోజుల్లో కూడా మా పక్కింటి పాప చిక్కుళ్ళు ఒలిచిందా అని అడిగేదట.

ఆ కార్డుకి ఫిర్దోస్ జవాబు రాయలేదు. మీరా మొహిద్దీన్‌కి ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఎన్నోసార్లు రాయబోయాను అందామె. కాగితం ముందు పెట్టుకుంటే వచ్చేవన్నీ చిన్నపిల్ల మాటలు. అమ్మమ్మా, నాకు ఏడుపొస్తోంది, అంతే. అరవై ఏళ్ళ మనిషికి తల్లి పోతే, ఆయనకి పెద్దవాళ్ళు రాసినట్టు రాయాలి కదా. ఆ మాటలు నేర్చుకునే వయసు వచ్చేసరికి నేను ఇక్కడున్నాను.

ఆదాముకి నిన్నటి నవ్వు ఆమెకి ఎక్కడ తగిలిందో ఇప్పుడు తెలిసింది. నెట్‌లో వెతికితే దొరుకుతాయి కదండి అనబోయి, రైల్లో ఆమె నాలుగు మడతలు పెట్టిన కాగితం గుర్తొచ్చి ఊరుకున్నాడు.

క్లాసు మానేయడం గురించి ఇంకెవరూ ఎత్తలేదు. షారోన్ వచ్చే వేళయింది. అబీదా టీ పెట్టడానికి లేచింది, మీరా మొహిద్దీన్ అలవాటు ప్రకారం చాప పరిచాడు. ఆదాము ఆ కార్డుని రెండు చేతులతో పట్టుకుని తిరిగిచ్చాడు. అలా ఇవ్వాలని నేర్పింది కూడా ఆమే. ఆమె తీసుకుని, దాని అంచు మీద బొటనవేలు రాస్తూ, ఈసారి తెలుగులో, మెల్లగా అడిగింది.

"మీరెళ్ళేది ముసలివాళ్ళుండే చోటికి. అక్కడ ఎవరో ఒకరు పోతారు. పోయినప్పుడు ఆ ఇంటివాళ్ళొస్తే, మీతో పనిచేసే పెద్దవాళ్ళు వాళ్ళతో ఏమంటారో దగ్గరుండి వినండి. కాగితం మీద రాసి పెట్టినవి నాకొద్దు, ఎదురుగా నిలబడి అన్నవే కావాలి. విని, నాకు ఫోన్ చేసి నేర్పండి ఆదాము గారూ. నేను మొరితా గారి అబ్బాయికి జవాబు రాయాలి."